చార్టర్ స్కూళ్ల ఫీజు బిల్లులో లెక్కేస్తున్నది ఎవరి ఖర్చు? పెన్సిల్వేనియా శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పెన్సిల్వేనియా సెనేట్, ప్రతినిధుల సభ సభ్యులకు, అందులోనూ రెండు సభల విద్యా కమిటీల్లో ఉన్న పెద్దలకు,

నమస్కారాలు.

చార్టర్ స్కూళ్లకు, అంటే పన్ను డబ్బుతోనే నడిచినా డిస్ట్రిక్టు కాకుండా విడి యాజమాన్యం నడిపే బడులకు, డబ్బు కట్టే పద్ధతి మార్చమంటూ ఈ రాష్ట్రంలోని 500 స్కూల్ డిస్ట్రిక్టుల్లో (పబ్లిక్ స్కూళ్లు నడిపే స్థానిక సంస్థల్లో) నూటికి తొంభైకి పైగా బోర్డులు తీర్మానాలు చేశాయి. మేమూ మా మా ప్రతినిధులకు ఉత్తరాలు రాశాం. వచ్చిన జవాబుల్లో ధన్యవాదాలు ఉన్నాయి. మేం అడిగిన లెక్కల ఊసు మాత్రం లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం. ఇంగ్లిషు ప్రతి మీ ఆఫీసులకు విడిగా పంపుతున్నాం. తెలుగులోనూ రాయడానికి కారణం ఉంది. ఎక్స్‌టన్, కింగ్ ఆఫ్ ప్రష్యా, మెకానిక్స్‌బర్గ్, పిట్స్‌బర్గ్ శివార్లలో మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ అని చూసుకుని ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంటి పన్నులో పెద్ద ముక్క స్కూలు పన్నే. అది ఏటా ఎందుకు పెరుగుతోందో, పెరిగినా బడిలో టీచర్లు ఎందుకు తగ్గుతున్నారో వాళ్లకూ తెలియాలి.

ఒక మాట ముందే చెప్పాలి. చార్టర్ స్కూళ్లలో చదివే పిల్లలు పరాయి పిల్లలు కారు. వాళ్ల తల్లిదండ్రులు తమకు మేలనిపించిన బడి ఎంచుకున్నారు, అందులో తప్పు లేదు. బాగా నడుస్తున్న చార్టర్లు ఉన్నాయి, ఫిలడెల్ఫియాలో వాటి కోసం లాటరీలో పేరు రాయించుకుని ఎదురుచూసే కుటుంబాలూ ఉన్నాయి. వాటిని మూయమని మేం అడగడం లేదు. మా అభ్యంతరమంతా బిల్లు వేసే సూత్రం మీదే.

బిల్లు ఎలా తయారవుతుంది

1997 నాటి యాక్ట్ 22 ప్రకారం, చార్టర్‌లో చేరిన పిల్లవాడికి ట్యూషన్, అంటే చదువు ఫీజు, కట్టాల్సింది వాడి ఇల్లు ఉన్న డిస్ట్రిక్టు. ఆ ట్యూషన్ తేల్చడానికి పీడీఈ-363 అని ఒక ఫారం ఉంది. డిస్ట్రిక్టు బడ్జెట్‌లోని మొత్తం ఖర్చుతో లెక్క మొదలవుతుంది. అందులోంచి బస్సులు, స్పెషల్ ఎడ్యుకేషన్ (వైకల్యం ఉన్న పిల్లలకిచ్చే ప్రత్యేక చదువు, సేవలు), భవన నిర్మాణం, అప్పుల చెల్లింపు, వయోజన విద్య, కమ్యూనిటీ కాలేజీ వాటా, ప్రైవేటు బడుల పిల్లలకు చేసే సేవలు, ఫెడరల్ నిధులు తీసేస్తారు. మిగిలిన మొత్తాన్ని నిరుటి సగటు విద్యార్థుల సంఖ్యతో భాగిస్తారు. వచ్చిన అంకె ఒక మామూలు విద్యార్థి ట్యూషన్. స్పెషల్ ఎడ్యుకేషన్ విద్యార్థి అయితే దానికి ఇంకో అంకె కలుపుతారు. దాని సంగతి రెండో అంశంలో చెబుతాం.

ఈ లెక్కను పైనుంచి కిందికి ఎన్నిసార్లు చదివినా అందులో ఒక్కటి కనిపించదు: పిల్లవాడికి చదువు చెప్పడానికి చార్టర్ స్కూలుకు ఎంత ఖర్చవుతోంది అన్నది. కొలిచేదంతా డిస్ట్రిక్టు ఖర్చు. పాత భవనానికి బాయిలర్ మరమ్మతు పెరిగితే ఆ ఖర్చు ట్యూషన్‌లోకి ఎక్కుతుంది. ఒకే చార్టర్‌లో ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరు పిల్లలకు, వాళ్ల ఇళ్లు వేర్వేరు డిస్ట్రిక్టుల్లో ఉంటే, రెండు వేర్వేరు రేట్లు వస్తాయి. తేడా వేల డాలర్లలో ఉండొచ్చు. చదువు ఒకటే, టీచరు ఒకరే.

చెల్లింపు పన్నెండు సమాన వాయిదాల్లో, ప్రతి నెలా ఐదో తేదీలోగా జరగాలి. డిస్ట్రిక్టు కట్టకపోతే రాష్ట్ర విద్యాశాఖ ఆ డిస్ట్రిక్టుకు రావాల్సిన రాష్ట్ర నిధుల్లోంచే కోసి చార్టర్‌కు ఇస్తుంది. అంటే బోర్డు బడ్జెట్‌లో ఇది వెనకాముందు ఆలోచించుకునే ఖర్చు కాదు. ముందు ఇది పోవాలి, మిగిలినదాంట్లోంచే టీచర్లు, లైబ్రరీ, పైకప్పు.

దీనివల్ల మామూలు జనానికి జరుగుతున్నది

1. పిల్లవాడి వెంట డబ్బు వెళుతోంది, ఖర్చు మాత్రం బడిలోనే ఉండిపోతోంది.

"డబ్బు పిల్లవాడి వెంట నడవాలి" అనే వాదన మీ సభల్లో తరచూ వినిపిస్తుంది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాగితం మీద ఒకసారి వేసి చూడండి. నాలుగు ఎలిమెంటరీ స్కూళ్లు, ఒక మిడిల్ స్కూల్, ఒక హైస్కూల్ ఉన్న డిస్ట్రిక్టు అనుకుందాం. అక్కడినుంచి 130 మంది చార్టర్లకు వెళ్లారు. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండు దాకా పదమూడు తరగతులు, తరగతికి పదిమంది చొప్పున. ఎలిమెంటరీలో ఆరు తరగతులు, అంటే 60 మంది. ఒక్కో స్కూల్లో తరగతికి మూడు సెక్షన్లు ఉంటే నాలుగు స్కూళ్లలో కలిపి 72 గదులు. ఆ 72 గదుల్లోంచి 60 మంది పోయారు. గదికి ఒక్కరు కూడా తగ్గలేదు.

ఇప్పుడు ఏ గది మూయాలి? ఏ టీచరును తీసేయాలి? ఇరవై నలుగురున్న గదిలో ఇరవై ముగ్గురు మిగిలారు, అంతే. పాఠం అదే, హీటింగ్ బిల్లు అదే, నర్సు, ప్రిన్సిపాల్, రాత్రి తుడిచే మనిషి అందరూ ఉండాల్సిందే. బస్సు అదే వీధిలో అదే మలుపు తిరగాలి. తగ్గేది పుస్తకాలు, కాగితం, ఒక లాప్‌టాప్.

బిల్లు మాత్రం తగ్గదు. ట్యూషన్ 13,000 డాలర్లయితే 130 మందికి 16,90,000 డాలర్లు. ఒక టీచరుకు జీతం, పెన్షన్, ఆరోగ్య బీమా కలిపి 1,20,000 అనుకుంటే, ఈ బిల్లు పూడ్చడానికి పద్నాలుగు మంది టీచర్లను తీసేయాలి. గదుల్లో అంతమంది అవసరం తగ్గలేదు కాబట్టి బోర్డు గదుల జోలికి వెళ్లలేదు. గది బయట ఉన్నవాళ్లను చూస్తుంది: చదవడంలో వెనకబడిన పిల్లలను విడిగా కూర్చోబెట్టి చదివించే రీడింగ్ స్పెషలిస్టు, రెండు స్కూళ్లకు కలిపి ఒక్కరే మిగిలిన లైబ్రేరియన్, ఇంగ్లిషు ఇంకా పట్టుబడని పిల్లలకు నేర్పే ఈఎస్‌ఎల్ టీచరు, సంగీతం, కౌన్సెలర్. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నిరుడే వచ్చి మూడో తరగతిలో చేరిన పిల్లకు ఆ ఈఎస్‌ఎల్ టీచరు వారానికి ఐదు రోజులు దొరుకుతుందా, రెండు రోజులే దొరుకుతుందా అనేది ఇక్కడ తేలుతోంది.

మన ఊళ్లలో సర్కారు బడికి పిల్లలు తగ్గితే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి జీవో 117తో తరగతుల విలీనం ఎంత గొడవైందో చూశాం. కానీ అక్కడ కూడా వెళ్లిపోయిన పిల్లవాడి ఫీజు పాత బడి జేబులోంచి కట్టమని ఎవరూ అనలేదు.

2. నూటికి 16 అనే అంకె.

ఈ లేఖలో మీరు ఒక్క అంశమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

స్పెషల్ ఎడ్యుకేషన్ ట్యూషన్ లెక్కలో డిస్ట్రిక్టు స్పెషల్ ఎడ్యుకేషన్ మీద పెట్టే మొత్తం ఖర్చును, నిజంగా ఆ సేవలు అందుకునే పిల్లల సంఖ్యతో భాగించరు. మొత్తం విద్యార్థుల్లో నూటికి 16 మందే ఉన్నారని అనుకుని ఆ సంఖ్యతో భాగిస్తారు. 1997లో చట్టంలోకి ఎక్కిన ఆ 16, ఆన్‌లైన్‌వి కాని మామూలు చార్టర్ల విషయంలో ఇప్పటికీ అక్కడే ఉంది. ఐఈపీ, అంటే స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లవాడికి విడిగా రాసే చదువు ప్రణాళిక, ఉన్న పిల్లల శాతం మాత్రం రాష్ట్రమంతటా దాన్ని దాటిపోయి చాలా ఏళ్లయింది.

5,000 మంది విద్యార్థులు, స్పెషల్ ఎడ్యుకేషన్ ఖర్చు 1,20,00,000 డాలర్లు ఉన్న డిస్ట్రిక్టును తీసుకోండి. నిజానికి నూటికి 20 మందికి, అంటే 1,000 మందికి ఐఈపీ ఉంది. తలకు 12,000 అవుతోంది. కానీ చట్టం 800తోనే భాగించమంటుంది. తలకు 15,000 వస్తుంది. మామూలు ట్యూషన్ 13,000 కలిపితే ఒక్కో విద్యార్థికి 28,000. చార్టర్లలో అలాంటి పిల్లలు 60 మంది ఉంటే, పాతబడిన ఒక్క అంకె వల్ల ఏటా 1,80,000 డాలర్లు అదనంగా పోతున్నాయి.

ఇంకో చిక్కు దీనికంటే పెద్దది. స్పెషల్ ఎడ్యుకేషన్ అనే పేరు కింద రకరకాల పిల్లలు ఉంటారు. వారానికి అరగంట స్పీచ్ థెరపీ చాలిన పిల్లవాడు ఒకడు. రోజంతా పక్కన సహాయకురాలు, నర్సు, ప్రత్యేక వాహనం కావాల్సిన పిల్ల ఒకర్తె. ఆమెకు ఏడాదికి 50,000 డాలర్లు దాటొచ్చు. డిస్ట్రిక్టు సగటులో ఇద్దరూ కలిసిపోతారు. స్పీచ్ పిల్లవాడు చార్టర్‌లో చేరితే వాడి వెంట ఆ సగటు మొత్తం వెళ్తుంది. ఖరీదైన సేవలు కావాల్సిన పిల్ల డిస్ట్రిక్టులోనే ఉంటుంది, ఆమె ఖర్చూ అక్కడే ఉంటుంది. పైగా ఆమె కోసం పెట్టిన ఖర్చే మరుసటి ఏడాది చార్టర్ రేటును పైకి లేపుతుంది. తన దగ్గర కష్టమైన కేసులు ఎక్కువున్న డిస్ట్రిక్టు, ఆ కారణానికే ఎక్కువ బిల్లు కడుతుంది. చార్టర్ ఆ అదనపు సొమ్మును స్పెషల్ ఎడ్యుకేషన్ మీదే ఖర్చు పెట్టాలన్న నిబంధన కూడా లేదు.

ఇది ఎక్కడికి దారితీస్తుందో డెలవేర్ కౌంటీలోని చెస్టర్ అప్‌లాండ్ డిస్ట్రిక్టులో అందరూ చూశారు. అప్పటికే అక్కడి పిల్లల్లో దాదాపు సగం మంది చార్టర్లలో ఉన్నారు. 2015 నాటికి ఒక్కో స్పెషల్ ఎడ్యుకేషన్ విద్యార్థికి ఏటా సుమారు 40,000 డాలర్లు చార్టర్లకు పోతున్నాయి. తక్కువ ఖర్చుతో సరిపోయే పిల్లలే చార్టర్లలో ఎక్కువగా ఉన్నారని రాష్ట్రమే కోర్టులో వాదించింది. ఆ ఆగస్టులో ఖజానా ఖాళీ అయింది. జీతం రాకపోయినా బడి తెరుస్తామని టీచర్లూ సిబ్బందీ ఓటు వేశారు. తర్వాత చార్టర్లతో రాజీ కుదిరి ఆ రేటు సుమారు 27,000కు దిగింది. ఒక డిస్ట్రిక్టు దివాలా అంచుకు చేరితే గానీ రేటు మాటల్లోకి రాలేదు. మిగతా 499 డిస్ట్రిక్టులకు అలాంటి రాజీ కుదిర్చిన వాళ్లు లేరు.

3. సైబర్ చార్టర్లు.

2002 నాటి యాక్ట్ 88తో సైబర్ చార్టర్లకు, అంటే ఆన్‌లైన్‌లో చదువు చెప్పే చార్టర్లకు, అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర విద్యాశాఖకు వెళ్లింది. అంటే అనుమతి రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌ది, బిల్లు డిస్ట్రిక్టుది. ఇంటి నుంచి కంప్యూటర్ ముందు చదివే పిల్లవాడికి కూడా ఏళ్ల తరబడి గదులు, ఆటస్థలాలు, బాయిలర్లు ఉన్న బడి రేటే కట్టించారు. కోవిడ్ వచ్చిన ఏడాది ఈ స్కూళ్లలో చేరినవాళ్లు సుమారు 38 వేల నుంచి 60 వేలకు పెరిగారు.

ఆ డబ్బు ఏమైందో చెప్పింది రాష్ట్ర ఆడిటర్ జనరల్ టిమొతీ డిఫూర్. 2025 ఫిబ్రవరిలో ఆయన విడుదల చేసిన ఆడిట్ ప్రకారం, ఐదు సైబర్ చార్టర్ల ఆదాయం 2020 నుంచి 2023కి 47.3 కోట్ల డాలర్ల నుంచి 89.8 కోట్లకు పెరిగింది. వాటి నిల్వలు 144 శాతం పెరిగాయి. సిబ్బందికి బోనస్‌లు, గిఫ్ట్ కార్డులు, కార్ల ఖర్చుల వంటివి ఆడిట్‌లో బయటపడ్డాయి. ఇది చట్టవిరుద్ధమని ఆయన అనలేదు. సూత్రమే పాతబడిందని, మార్చాలని చెప్పారు. అంతకు ముందు ఆ పదవిలో ఉన్న యూజీన్ డిపాస్క్వాలే 2016లో దేశంలోకెల్లా అధ్వానమైన చార్టర్ చట్టం మనదేనన్నారు. ఇద్దరూ వేర్వేరు పార్టీలవాళ్లు.

నిల్వల సంగతి ఇంకొంచెం దగ్గరగా చూడండి. 1.9 కోట్ల డాలర్లకు మించిన బడ్జెట్ ఉన్న డిస్ట్రిక్టు దగ్గర కేటాయించని నిల్వ 8 శాతం దాటితే పన్ను పెంచడానికి చట్టం ఒప్పుకోదు. ఆ పన్ను డబ్బే చార్టర్ ఖాతాలోకి వెళ్లాక ఆ కట్టడి వర్తించదు.

చదువు మాట. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని క్రెడో బృందం 2019లో పెన్సిల్వేనియా చార్టర్లను పరిశీలించింది. సైబర్ చార్టర్ విద్యార్థులు, తమలాంటి పిల్లలతో పోలిస్తే, ఏడాదిలో చదవడంలో 106 రోజుల పాఠం, లెక్కల్లో 118 రోజుల పాఠం కోల్పోయినంతగా వెనకబడ్డారని తేల్చింది. మన బడి సంవత్సరమే 180 రోజులు.

మీరు చేసిన మంచిని దాచం. 2024లో యాక్ట్ 55 సైబర్ చార్టర్లకు స్పెషల్ ఎడ్యుకేషన్ లెక్కను సరిచేసింది, డిస్ట్రిక్టులకు సైబర్ ఖర్చు కింద 10 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2025 నవంబర్ 12న సంతకమైన బడ్జెట్ సైబర్ ట్యూషన్ లెక్కలోంచి మరికొన్ని ఖర్చులను మినహాయించింది. అందుకు కృతజ్ఞులం. కానీ రేటుకు ఆధారం ఇప్పటికీ డిస్ట్రిక్టు ఖర్చే. మామూలు చార్టర్ల లెక్కలో ఆ 16ను ఎవరూ ముట్టుకోలేదు.

4. ఎప్పుడూ లెక్కలో లేని పిల్లలు.

ప్రైవేటు బడిలోనో, ఇంటి దగ్గరో చదువుతున్న పిల్లవాడు చార్టర్‌లో చేరాడనుకోండి. నిన్నటి దాకా డిస్ట్రిక్టు వాడి చదువు మీద దాదాపు ఏమీ ఖర్చు పెట్టలేదు. నేడు పూర్తి ట్యూషన్ కట్టాలి. ఇక్కడ ఆదా అయ్యేది పుస్తకం ధర కూడా కాదు.

5. బస్సులు.

డిస్ట్రిక్టు తన పిల్లలకు బస్సు నడుపుతుంటే, సరిహద్దు దాటి పది మైళ్ల లోపు ఉన్న చార్టర్లకూ పిల్లలను చేర్చాలి. చార్టర్ క్యాలెండర్ వేరు. డిస్ట్రిక్టుకు సెలవైనా ఆ రోజు చార్టర్ నడిస్తే బస్సు తీయాల్సిందే. డ్రైవర్లు దొరకని ఈ రోజుల్లో, ఏడుగురు పిల్లల కోసం ఒక బస్సు కౌంటీ ఆ చివరికి వెళ్తే, ఇక్కడి ఎలిమెంటరీ రూటు రెండు ట్రిప్పులు తిరగాలి. రెండో ట్రిప్పు పిల్లలు తెల్లవారుజామున చలిలో నిలబడతారు, లేదా సాయంత్రం ఆలస్యంగా ఇల్లు చేరతారు.

6. పన్ను కట్టేవాళ్లు.

2010-11 దాకా రాష్ట్రం ఈ భారంలో కొంత పంచుకునేది. ఆ ఏడాది చార్టర్ ఖర్చుల రీయింబర్స్‌మెంట్ దాదాపు 22.4 కోట్ల డాలర్లు. 2011-12 బడ్జెట్‌లో ఆ పద్దు మొత్తం ఎత్తేశారు. బిల్లు ఎత్తేయలేదు. ఇప్పుడు డిస్ట్రిక్టులు చార్టర్లకు కట్టేది ఏటా 300 కోట్ల డాలర్ల పైమాటే.

ఇంకోవైపు 2006 నాటి యాక్ట్ 1 ఉంది. రాష్ట్రం ప్రకటించిన సూచీకి, అంటే ఆ ఏటి పెంపు పరిమితికి, మించి ఇంటి పన్ను పెంచాలంటే ఓటర్లను అడగాలి. పెన్షన్‌కు, స్పెషల్ ఎడ్యుకేషన్‌కు మినహాయింపులు ఉన్నాయి, చార్టర్ ట్యూషన్‌కు లేదు. బోర్డు చేతిలో లేని ఖర్చు, బోర్డు చేతులు కట్టేసిన పన్ను, మధ్యలో మిగిలేది బడి. పన్ను రాబడి బాగా వచ్చే సబర్బన్ డిస్ట్రిక్టులు ఏదోలా నెట్టుకొస్తాయి. ఇళ్ల విలువలు పడిపోయిన పట్టణాల్లో పింఛను మీద బతికే ముసలాయన పన్ను పెరుగుతుంది, ఆయన మనవడి తరగతి గది పైకప్పు కారుతూనే ఉంటుంది. స్థానిక సంపద మీద ఇంతగా ఆధారపడే ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని 2023 ఫిబ్రవరి 7న విలియం పెన్ స్కూల్ డిస్ట్రిక్టు తదితరులు వేసిన కేసులో రాష్ట్ర కామన్‌వెల్త్ కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు అమలుకు మీరు పంపుతున్న అదనపు నిధులు పేద డిస్ట్రిక్టుల్లో ఒక చేత్తో వచ్చి ఇంకో చేత్తో పోతున్నాయి.

2013 మార్చిలో ఫిలడెల్ఫియాలో 23 బడులు మూయడానికి ఓటు వేశారు. దానికి చార్టర్లు ఒక్కటే కారణం అనం. రాష్ట్ర నిధుల కోత, పాత భవనాలు, ఊరు ఖాళీ కావడం అన్నీ ఉన్నాయి. కానీ పిల్లలు చార్టర్లకు చెదిరిపోతూ ట్యూషన్ పెరుగుతూ పోతే చివరికి ఏదో ఒక భవనానికి తాళం పడుతుంది. ఆ బడికి నడిచి వెళ్లే పిల్లలు అప్పుడు హైవే దాటాలి.

ఇంకొకటి. 2025లో రాష్ట్ర బడ్జెట్ నాలుగు నెలలు ఆలస్యమైంది. డిస్ట్రిక్టులకు రాష్ట్ర నిధులు ఆగాయి. ఐదో తేదీ చార్టర్ వాయిదా మాత్రం ఆగలేదు.

చార్టర్లవైపు వాదన

భవన అప్పులు, బస్సులు తీసేశాక తమకు అందేది డిస్ట్రిక్టు పెట్టే ఖర్చు కంటే తక్కువని చార్టర్లు అంటాయి. మామూలు చార్టర్ల విషయంలో ఇందులో నిజముంది. అద్దె భవనంలో నడిచే చిన్న చార్టర్‌కు ఆ అద్దె బరువే. మేం అడిగేది వాళ్లకూ పనికొస్తుంది: ఒక విద్యార్థికి నిజంగా ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టి, అంత ఇవ్వండి. ఆ లెక్కలో అద్దె కూడా ఉంటే ఉండనివ్వండి. తక్కువ పడుతోందని తేలితే పెంచండి. ఊహ మీద మాత్రం బిల్లు వేయకండి.

మా డిమాండ్లు

1. మామూలు చార్టర్లకు, సైబర్ చార్టర్లకు వేర్వేరు రేట్లు, చదువు చెప్పడానికి వాటికయ్యే నిజమైన ఖర్చు ఆధారంగా నిర్ణయించండి. సైబర్‌కు రాష్ట్రమంతటా ఒకే రేటు ఉండాలి. గవర్నర్ జోష్ షపీరో 8,000 డాలర్లు ప్రతిపాదించారు. ఆ అంకె తప్పనిపిస్తే మీ అంకె చెప్పండి, దాని లెక్క చూపించండి.

2. స్పెషల్ ఎడ్యుకేషన్‌కు మూడు అంచెల రేటు పెట్టండి. అవసరాన్ని బట్టి మూడు ఖర్చు వర్గాలుగా పిల్లలను నమోదు చేసే పద్ధతి డిస్ట్రిక్టుల్లో ఇప్పటికే ఉంది. మీరే వేసిన స్పెషల్ ఎడ్యుకేషన్ ఫండింగ్ కమిషన్ 2013లో మూడు అంచెలు సిఫారసు చేసింది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. అంతవరకూ కనీసం ఆ 16 స్థానంలో డిస్ట్రిక్టు అసలు శాతం వాడండి. సైబర్లకు చేసినదే మామూలు చార్టర్లకూ చేయండి.

3. రీయింబర్స్‌మెంట్ తిరిగి తెండి. మసాచుసెట్స్‌లో చార్టర్ ట్యూషన్ పెరిగిన ఏడాది ఆ పెరుగుదలకు 100 శాతం, రెండో ఏడాది 60, మూడో ఏడాది 40 శాతం డిస్ట్రిక్టుకు తిరిగి ఇచ్చేలా చట్టం ఉంది. గదులు, రూట్లు, సిబ్బంది సర్దుకోవడానికి మూడేళ్లు పడుతుందన్న అవగాహన ఆ చట్టంలో ఉంది. ఇక్కడ మొదటి నెల ఐదో తేదీకే కట్టాలి.

4. ప్రైవేటు బడి నుంచో, హోమ్ స్కూలింగ్ నుంచో నేరుగా చార్టర్‌కు వచ్చిన పిల్లల మొదటి ఏడాది ట్యూషన్ రాష్ట్రమే భరించాలి.

5. డిస్ట్రిక్టులకున్న నిల్వల పరిమితి సైబర్ చార్టర్లకూ పెట్టండి. మించినది ఏ డిస్ట్రిక్టు నుంచి వచ్చిందో ఆ డిస్ట్రిక్టుకే తిరిగి రావాలి.

6. జులై 1కి రాష్ట్ర బడ్జెట్ ఆమోదం పొందకపోతే, పొందేదాకా చార్టర్ వాయిదాల్లో రాష్ట్ర నిధుల వాటా ఎంతో అంత ఆపుకునే వీలు డిస్ట్రిక్టులకు ఇవ్వండి.

7. చార్టర్లను నడిపే మేనేజ్‌మెంట్ కంపెనీలతో ఒప్పందాలు, వాటికి కట్టే ఫీజులు ఏటా ప్రజల ముందు పెట్టాలి. పన్ను డబ్బు ఎక్కడికి వెళ్తే లెక్క అక్కడికి వెళ్లాలి.

తెలుగు కుటుంబాలకు

మీ డిస్ట్రిక్టు చార్టర్ ట్యూషన్ రేట్లు, మామూలుదీ స్పెషల్ ఎడ్యుకేషన్‌దీ, రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. రెండూ రాసుకోండి. డిస్ట్రిక్టు బడ్జెట్‌లో చార్టర్ ట్యూషన్ పద్దు ఈ ఏడాది ఎంతో, ఐదేళ్ల కింద ఎంతో చూడండి. బోర్డు సమావేశంలో ప్రజలు మాట్లాడే సమయం ఉంటుంది, అక్కడ మూడు ప్రశ్నలు అడగండి: ఎంతమంది పిల్లలు, ఎంత డబ్బు, ఆ డబ్బు కోసం ఏ పోస్టులు భర్తీ చేయకుండా ఆపారు. జవాబు దొరక్కపోతే మన ఆర్‌టీఐ లాంటిదే ఇక్కడ రైట్ టు నో చట్టం ఉంది. రాతపూర్వకంగా అడిగితే ఐదు పనిదినాల్లో స్పందించాలి. ఆ అంకెలు పట్టుకుని మీ సెనేటర్‌కు, ప్రతినిధికి ఫోన్ చేయండి. పిల్లలను చార్టర్‌లో చదివిస్తున్నవాళ్లు చేస్తే ఆ మాటకు ఇంకా బరువుంటుంది.

గౌరవనీయులైన సభ్యులారా, జూన్ 30లోగా దాదాపు ప్రతి స్కూల్ బోర్డూ తుది బడ్జెట్ ఆమోదించాలి. దానికి నెల ముందే ముసాయిదా సిద్ధం కావాలి. అంటే మే నెలలో ఈ రాష్ట్రంలోని దాదాపు అన్ని బోర్డులూ, ఎవరి పోస్టు ఉంచాలి, ఎవరిది తీసేయాలి అని కూర్చుని గీతలు గీస్తుంటాయి. పైన రాసిన ఏడింటిలో దేనికి మీరు ఓటు వేస్తారు, దేనికి వేయరు, ఎందుకు వేయరు అన్నది ఆలోగా రాతపూర్వకంగా చెప్పండి. వచ్చిన ప్రతి జవాబునూ తెలుగులోకి మార్చి, ఒక్క మాట తగ్గించకుండా, మీ పేరుతో ప్రచురిస్తాం.

ఇట్లు,
పెన్సిల్వేనియాలో ఇంటి పన్ను కడుతూ, పబ్లిక్ స్కూళ్లలో పిల్లలను చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులు కొందరు